శనివారం రోగం

అయోవాలోని తన షెడ్డులో వెర్లిన్ రెండు పాత తోట ట్రాక్టర్లను పక్కపక్కన నిలిపి, ఇంజన్లు ఆన్ చేసి, దీనికోసారి దానికోసారి చెవి ఒగ్గుతూ కుదురులేకుండా తిరుగుతున్నాడు. రెండూ ఒకే రకం. ఒకటి తనది, రెండోది చనిపోయిన స్నేహితుడిది.

"మా ఆయన ట్రాక్టర్ కొనేవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. ఇంకా ఏం వెతుకుతావు?" అంది స్నేహితుడి భార్య ఆర్డిస్.

"దీని రోగం దొరకట్లేదు ఆర్డిస్. ఇరవయ్యేళ్లు ప్రతి శనివారం దగ్గుతూ వచ్చేది. ఇంజన్ పక్కన ఒక స్క్రూ బిగిస్తే ఊరుకునేది, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. ఇప్పుడు ఐదు నెలలుగా నా దగ్గరే ఉంది, ఒక్కసారీ దగ్గలేదు! నేనేం మెకానిక్‌ని?"

"పిచ్చివాడా! శుక్రవారం సాయంత్రం ఆ స్క్రూ వదులు చేసేది మా ఆయనే. పనేమీ లేకుండా నీ దగ్గరికొచ్చి కూర్చోవాలంటే మొహమాటం."

వెర్లిన్ తన ట్రాక్టర్ ఆపేశాడు. రెండోదాన్ని ఆపడానికి చెయ్యి రాలేదు.