మాస్టారి పైపు పుల్లలు

"నా జాగా మింగి, పైన పొగ వదుల్తన్నాడా సోమసుందరం. ఆడికది అరుగుద్దేటే?" అన్నాడు రాజుబాబు, చిత్రిక పడుతూనే.

పక్కింటి సోమసుందరం గారు రిటైరైన లెక్చరర్. పైపు కాలుస్తాడు. అగ్గిపుల్ల మందు వాసనకి పొగాకు రుచి చెడుతుందట. అందుకని కొవ్వొత్తి మీద సన్నని చెక్కపుల్ల అంటించి, దాంతో పైపు వెలిగిస్తాడు. ఆ పుల్లలు చేసిచ్చేది వడ్రంగి రాజుబాబు. అదీ ఊరికే.

ఊరికే ఎందుకో భార్య సత్యవేణికి అంతుపట్టలేదు. కింద పడిన ముక్క తీసి తిప్పి చూసింది.

"ఏటి మావా, ఇది ఆయన కంచె గుంజ కాదూ?"

"మెల్లగా అను. ఆయన కంచె ఆయన సేతే తగలెట్టిస్తన్నాను."

ఆ కంచె వేసింది సోమసుందరం తండ్రి. తమ జాగాలోకి జరిపి వేశాడని రాజుబాబు తండ్రి పోయేదాకా తిట్టాడు. పెద్దమనుషులు మాత్రం ఒకటే మాటన్నారు: కంచె ఉన్నన్నాళ్లూ కంచే హద్దు, ఎవరూ కొలత మాటెత్తకూడదు.

కాబట్టి కంచె ఉండకూడదు. మాస్టారు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి ఒక గుంజ ఊడేది. తర్వాత అదే సన్నగా, వంకర లేకుండా, కట్టలుగా ఆయన బల్ల మీదికి చేరేది.

"ఏం చెక్కయ్యా ఇది? ఆరకుండా మండుతోంది" అని మెచ్చుకున్నాడాయన.

"పాత సరుకండి. అంతా తమ దయ."

"ఇంకాస్త పొడుగ్గా తియ్యగలవా?"

"తమరు కాల్చాలేగానీ ఎంత పొడుగైనా తీస్తానండి."

గుంజలు తగ్గుతున్నాయేమని ఆయన ఓసారి అడిగాడు. చెదలన్నాడు రాజుబాబు. ఆయన తలూపి, పైపు వెలిగించుకున్నాడు.

రాజుబాబు ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. "సదువుకున్నోడి తెలివి సూడు. సొంత కంచె కాలిన వాసన తెలీట్లేదు."

"సదువుకున్నోళ్లు ఊరికే ఊరుకోరు మావా."

"నీకన్నీ బయాలే. పోయి కూర సూసుకో, బేగి."

ఆఖరి గుంజ కూడా పొగైపోయాక రాజుబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"మాస్టారూ, ఇప్పుడు కంచె లేదు గదండీ. పెద్దల మాట పెకారం కొలిపించీసుకుందారి."

సోమసుందరం నోట్లోంచి పైపు తీశాడు. "కొలతలెందుకయ్యా? ఉన్నచోటే మళ్లీ పాతుకుందాం. గుంజలు నేను కొంటాను."

"అలా కుదర్దండి."

"ఇరుగుపొరుగువాళ్లం. ఇన్నేళ్లు గడిచిపోయాయి. వదిలెయ్యి రాజుబాబూ."

ఆ బతిమాలడానికి రాజుబాబు ఒళ్లు పులకరించింది. తిన్నగా పోయి సర్వేకి అర్జీ పెట్టాడు. రోలుగుంట నుంచి బావమరిదిని కూడా పిలిపించాడు, మాస్టారి మొహం చూద్దువుగాని రమ్మని.

సర్వేయర్ వచ్చి మెషీన్ నిలబెట్టాడు. వీధి వీధంతా పోగైంది. సున్నం బకెట్టు రాజుబాబే మోశాడు.

"గీత వేసేద్దామా?" అన్నాడు సర్వేయర్.

"ఎయ్యండి బాబూ, లావుగా ఎయ్యండి. పెద్దోళ్లకి కళ్లు సరిగా ఆనవు."

సర్వేయర్ సున్నం తీసుకుని తిన్నగా రాజుబాబు వంటింట్లోకి నడిచాడు.

ఇన్నేళ్లూ సోమసుందరం జాగాయే సెంటున్నర రాజుబాబు వైపు ఉంది.