మానేశాక తెలిసింది

ఢిల్లీ మయూర్ విహార్‌లో సందీప్ ఇంట విందు. నెలరోజులు మందు ముట్టనని మొన్ననే ఒట్టేసుకున్న భీమారావు చేతిలో నిమ్మరసం గ్లాసు గడగడా వణుకుతోంది.

“ఒక్క పెగ్గు పడితే ఠీక్ అయిపోతాడు భాభీ!” నవ్వాడు సందీప్.

హరిప్రియకు నవ్వు రాలేదు. ఏసీ గదిలోనూ భర్త చొక్కా చెమటతో తడిసిపోయింది.

“ఏమైందండీ?”

“గోడంతా ఆ చీమలేంటి ప్రియా?”

గోడమీద ఒక్క చీమ కూడా లేదు. ఆమె గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

“శనివారాలు మాత్రమే తాగుతానన్నారుగా! నిజం చెప్పండి.”

“రోజూ తాగేవాణ్ణి. ఇంటికొచ్చే ముందు, కార్లోనే,” అన్నాడు తలెత్తకుండా. “ఒక్కసారిగా మానేసరికి ఇలా... చచ్చిపోతానేమో ప్రియా!”

సందీప్ నవ్వు ఆగిపోయింది. కారు తాళాల కోసం పరుగెత్తాడు.

ఇన్నేళ్లూ తనకు తెలియని ఆ మనిషిని హరిప్రియ గట్టిగా పట్టుకుంది.

“పదండి. డాక్టర్ దగ్గరుండి మాన్పిస్తారు. నేనూ అక్కడే ఉంటాను.”