కోళ్లు పట్టే పని

అనూరాధ మూడు గంటలుగా వీడియో గేములో ఊరిపెద్ద కోళ్లనే పడుతోంది.

"రాచ్చసుణ్ణి సంపుతానన్నావు, కోళ్లు పడతన్నావేటే?" అంది అత్త గున్నమ్మ.

"ఆడు ఊరి బయటున్నాడత్తా. పెద్దాయన నన్నింకా పంపనేదు, నువ్వు సంతకి పంపనట్టే."

పెళ్లయి ఏడాదైనా అనూరాధకు ఇంట్లో చేపలు కడిగే పనే. సంతలో అమ్మనిమ్మని ఎన్నిసార్లడిగినా గున్నమ్మ ఊఁ అనలేదు. ఇప్పుడామె టీవీ తెరకేసి వేలు చూపించింది.

"గేటు తీసే ఉన్నాది గదే. ఎవులాపినారు?"

అనూరాధ బొత్తం నొక్కింది. గేములో ఆమె వీరుడు ఊరి గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు.

ఆమె లేచి గేము రిమోటు అత్త చేతిలో పెట్టి, గుమ్మంలోని చేపల గంప నెత్తికెత్తుకుంది.

"ఎక్కడికే?"

"నౌపడ సంతకి."

"నేనెల్లమన్నానా?"

"ఆపనేదు గదా. ఇంకా రెండు కోళ్లున్నాయి, పట్టత్తా."