ఆఖరి మనిషి

"మావిస్, ఏమీ అనుకోకు. ఇవాళ కూడా అందరికన్నా వెనకబడితే, వచ్చే వారం నుంచి నువ్వు గట్టు జట్టులో నడువు."

బయలుదేరే చోట అందరూ వింటుండగానే అనేశాడు క్లైవ్. శనివారం శనివారం కొండ దాటే నడక జట్టుకు నాయకుడతను.

గట్టు జట్టంటే, రిజర్వాయర్ చుట్టూ ఓ చుట్టు తిరిగి, కేకు తిని ఇళ్లకు పోయేవాళ్లు.

మావిస్ తలూపింది. నిమోనియా తగ్గినా ఎత్తు ఎక్కితే ఆయాసం పోలేదు. కానీ స్నేహితులంతా ఈ జట్టులోనే ఉన్నారు. మొగుడు పోయిన ఇంట్లో ఆమె శనివారం కోసమే వారమంతా ఈడ్చుకొస్తోంది.

పక్కనే ఒక కొత్త మనిషి వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. పేరు సెడ్రిక్ అని చెప్పాడు.

ఆ జట్టుకో అలవాటుంది. దారిలో ఆగే ప్రతి చోటా, ముందు చేరినవాళ్లు ఏ రాతిగోడ పక్కనో కూర్చుని టీ తాగుతారు. ఆఖరి మనిషి రాగానే లేచి బయలుదేరతారు. బాగా అలసిపోయినవాళ్లకే కూర్చునే యోగం ఉండదన్నమాట. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్క బుర్రకూ తట్టలేదు.

మొదటి గోడ దగ్గరికి మావిస్ రొప్పుతూ చేరేసరికి క్లైవ్ లేచాడు.

"పదండి."

"ఆగు, కొత్తాయన రాలేదు," అంది గ్వెన్.

క్లైవ్ విసుక్కుంటూ కూర్చున్నాడు. మావిస్ కూడా కూలబడి, ఫ్లాస్కు మూత తీసింది. టీ తాగడం పూర్తయ్యాక వచ్చాడు సెడ్రిక్.

"బూటు తాడు ఊడిందండీ."

పై రిజర్వాయర్ దగ్గరా అంతే. "ఫొటో తీసుకుంటూ ఉండిపోయాను."

బురద నేల దాటాకా అంతే. "దారి తప్పాను."

"ఏం పెద్దాయనా, బూట్లు కొత్తవా, కాళ్లు కొత్తవా?" అంది గ్వెన్.

అందరితోపాటు మావిస్ కూడా నవ్వింది. వెక్కిరింత ఇంకొకరి మీదికి పోతే ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు ఆ రోజే తెలిసింది.

సన్నటి వాన పట్టుకుంది. తడిసిన బట్టలతో, పీకేస్తున్న మోకాళ్లతో సాయంత్రానికి అవతలి ఊళ్లోకి దిగారు.

పబ్బు గుమ్మంలో క్లైవ్ సెడ్రిక్‌ను ఆపాడు.

"ఈ నడక మీకు పడదండీ. ఇకమీదట గట్టు జట్టులోకి వెళ్లండి."

సెడ్రిక్ మావిస్ వైపు చూశాడు.

"అదే మంచిది లెండి, మీ ఒంటికి," అంది మావిస్.

"అలాగేనమ్మా," అని అతను వానలోకి వెళ్లిపోయాడు.

తిరిగి వెళ్లే బస్సు వచ్చే వేళైంది. అతను కనిపించకపోయేసరికి మావిస్‌కు మనసు పీకింది.

"ఆ సెడ్రిక్‌కు బస్సు తప్పిపోతుందేమో," అంది గ్లాసులు తుడుస్తున్న పబ్బు యజమానురాలితో.

"ఎవరూ, మా సెడ్రికా? ఆయనకు బస్సెందుకు? ఇల్లు కొండకవతలే, పైనుంచే పోతాడు."

"అయ్యో, ఆయన నడవలేడండీ."

"నడవలేడా? ఈ కొండ మీద ఏటా జరిగే పరుగు పందెంలో కుర్రాళ్లు కూడా ఇంకా ఆయన్ను దాటలేకపోతున్నారు," అని ఆమె కిటికీ వైపు చూపించింది.

మావిస్ దిగడానికే అవస్థపడ్డ ఆ ఏటవాలు మీద, పొద్దుట్నుంచీ ఆమెకు వెనకే ఉండడానికి సాకులు వెతుక్కున్న మనిషి, ఎక్కడా ఆగకుండా పరుగెత్తుకుంటూ ఎక్కిపోతున్నాడు.