ఏడో నంబరు రక్తం

“గొట్టాలు తారుమారు చేశావమ్మా,” అన్నాడు కొరియాలోని డేజన్ నగరపు ల్యాబులో ప్రొఫెసర్ ప్యో, పంచదార కలిసొచ్చే మిక్స్ కాఫీని దాని ఖాళీ పొట్లంతోనే కప్పులో కలుపుతూ. “రోగుల రక్తం పోస్తే రక్తనాళాల కణాలకి వాపు రావాలి గానీ, పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతుడి రక్తానికి రావడమేంటి?”

“మూడుసార్లు చేశానండీ,” అంది అతని పరిశోధక విద్యార్థిని సెయున్. “ఏడో నంబరు పోసినప్పుడల్లా కణాలు చక్కెరను ఎడాపెడా మండించేసి వాచిపోతున్నాయి.”

“అయితే వాడు ఆరోగ్యవంతుడెలా అయ్యాడు? పొద్దస్తమానం తీపి తాగుతూ కుర్చీకి అతుక్కుపోయే రకం అయ్యుంటాడు. ఎవడు చేర్చాడు వాణ్ని?”

సెయున్ రక్తమిచ్చినవాళ్ళ సంతకాల కాగితాన్ని రెండు చేతులతో వినయంగా అందించింది.

ఏడో సంతకం ప్యోదే. పోయిన వసంతంలో, “ఈ కుర్రకారుకంటే నా రక్తమే నయం” అంటూ అందరి ముందూ చొక్కా చెయ్యి మడిచిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

కప్పులో పొట్లం ఆగిపోయింది. కప్పు పక్కకి జరిపి, “నన్ను రోగుల జాబితాలోకి మార్చెయ్యొచ్చుగా?” అన్నాడు.

“మార్చొచ్చండీ. కాకపోతే మీ పక్కన ఆ రోగులంతా ఆరోగ్యవంతుల్లా కనిపిస్తారు.”