ఒక్క చెయ్యి లేచినా

"ఇవాళ్టి రాక్ పాటల్లో ఏముందిరా, కంప్యూటరు ముందు కూచుని మూలగడం తప్ప," అన్నాడు క్లైవ్, వేయించిన పందితోలు ముక్క నములుతూ. "మా రోజుల్లో గిటారు మోగిందంటే పక్కవీధి గుమ్మాల్లో పాలసీసాలు పగిలేవి."

"పగిలినవి నీ పళ్లు. మెల్లగా నములు," అన్నాడు హొరేస్ పెద్దాయన.

పబ్బంతా నవ్వింది. గారెత్ కూడా నవ్వాడు. కళ్లు మాత్రం మూలనున్న జూక్‌బాక్సు మీదే ఉన్నాయి, నాణెం వేసి మీట నొక్కితే పాడే పాటల పెట్టె మీద.

ఆ పబ్బులో ఈ పంచాయితీ ఏడాదికి నాలుగైదుసార్లు, ఆదివారం భోజనాలయ్యాక జరుగుతుంది. పెట్టెలోకి కొత్త పాట రావాలంటే పాతదొకటి బయటికి పోవాలి. పోవలసిన పాటేదో యజమానురాలు బెరిల్ చెబుతుంది. అది ఉండాలనుకున్నవాడు చెయ్యెత్తి, ఎందుకుండాలో చెప్పాలి. ఒక్క చెయ్యి లేచినా పాట ఉండిపోతుంది. బెరిల్ వాళ్ల నాన్న పెట్టిన కట్టుబాటది. కొలిమి కార్ఖానాలో సమ్మెట మోతకి చెవులు పోయిన మనిషి. ఆఖరి రోజుల్లో ఆయనకి రాక్ ఒక్కటే వినబడేదట.

గారెత్ ఊరికి కొత్త. భార్యతో తెగతెంపులయ్యాక, వేసవిలో వేల్స్ నుంచి వచ్చి ఇక్కడ బస్సు తోలుతున్నాడు. డ్యూటీ దిగి గదికి పోతే గోడలు మీద పడేవి. అలాంటి ఒక సాయంత్రం ఈ పబ్బులోకొచ్చి, పెట్టెలో అట్టడుగు వరుసలో ఎవరూ నొక్కని మీట నొక్కాడు. 'కోల్డ్ ఫర్నేస్' అట, చల్లారిన కొలిమి అని, ఎప్పుడూ వినని బృందం. ఒక ఆడపిల్ల గొంతు. ఇనపరేకు చింపినట్టు లేచింది. వింటూ వింటూ అతను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఊరొచ్చాక మొదటిసారి ఆ రోజే నిద్రపట్టింది.

అప్పట్నుంచి రోజూ అదే పాట. అది లేకపోతే ఈ ఊళ్లో తను నిలబడలేడని అతనికి తెలుసు.

పాట మొదలైతే చాలు, బెరిల్ గ్లాసులు కడిగే యంత్రం నడిపేది. లేదంటే బీరు పీపా మార్చాలని నేలమాళిగలోకి దిగిపోయేది. కొత్త పాటలంటే ఆమెకు గిట్టదనుకున్నాడు గారెత్.

ఇవాళ ఆమె ఆ పాట పేరే చెప్పింది.

నవ్వులు ఆగిపోయాయి. క్లైవ్ నమలడం మానేశాడు. ఎవరి గ్లాసులోకి వాళ్లు చూస్తున్నారు. ఈమె అంటే ఇంత భయమా వీళ్లకి, అనుకున్నాడు గారెత్. పెట్టె తాళం చెవి ఆమె నడుముకే వేలాడుతోంది. ఇష్టం లేకపోతే ఆ పాట ఎప్పుడో తీసి పారేసి ఉండొచ్చు. తియ్యదు. పదిమందిలో పెట్టి ఓడించాలి కాబోలు.

చెయ్యెత్తాడు.

"దించు బాబూ," అన్నాడు హొరేస్, పెదవి కదిలీ కదలనట్టు.

"ఎందుకు దించాలి పెద్దాయనా? మీ కాలం పాటలకైతే చొక్కాలు పట్టుకుంటారు. ఇవాళ్టి దానికి ఒక్కరూ నోరెత్తరా?"

"నువ్వూరుకో హొరేస్," అంది బెరిల్. "కట్టుబాటు అందరికీ ఒకటే. చెప్పు గారెత్. ఏముంది అందులో?"

"ఏం లేదో మీరు చెప్పండక్కా."

ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. "శ్రుతి లేదు. డ్రమ్ము వాడిదొక దారి, ఆ పిల్లదొక దారి. రెండో చరణంలో ఊపిరి చాలక మధ్యలో తెంపేసింది."

"ఆ తెంపిన చోటు కోసమే నేను రోజూ వస్తున్నాను."

"కొలిమి మొహం చూడని పిల్లలు. వీళ్లకేం తెలుసు ఈ ఊరి పాట?"

"మీ నాన్నగారి రోజుల్లో సమ్మెటల మోత పాటైంది. కొలిమి ఆరిపోయి ఇప్పుడా మోత లేదు. ఆ లేకపోవడమే వీళ్ల పాట. ఇంతకన్నా గొప్ప రాక్ ఇవాళ ఎవరు కట్టారో ఒక్కటి చూపించండి, దించేస్తాను."

 

"గొప్పదని ఎట్లా తెలుస్తుంది నీకు?" అంది బెరిల్. నిలదీసినట్టు లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టుంది.

"విన్నాక మనిషి మామూలుగా ఉండలేకపోవాలక్కా. లోపల ఎక్కడో కొయ్యాలి. కోసిన చోటే మళ్లీ కొయ్యాలి."

 ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"అయితే గొప్పదే," అంది. "ఉండనీ."

గెలిచాడు. భుజం తట్టేవాడి కోసం చుట్టూ చూశాడు. ఎవరూ లేవలేదు. గెలిచిన ఊపులో తిన్నగా పెట్టె దగ్గరికి పోయి, నాణెం వేసి, అట్టడుగు మీట నొక్కాడు. ఆ గొంతు పబ్బు కప్పు దాకా లేచింది. బెరిల్ నేలమాళిగ మెట్లు దిగింది. వెనక తలుపు పడింది.

గారెత్ వచ్చి హొరేస్ పక్కన కూచున్నాడు.

"ఇంత మంచి పాట మీద ఆమెకెందుకు పెద్దాయనా అంత కక్ష?"

 రెండో చరణం వచ్చింది. ఊపిరి తెగింది. అప్పుడు హొరేస్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పాడే పిల్ల బెరిల్ కూతురే నాయనా, కిందటి ఈస్టరుకి ముందు ఇక్కడున్న మేమే మోసుకెళ్లి పాతిపెట్టొచ్చాం."