దొంగపాట పట్టివేత

పాటగాడి పెదవుల మీద నుంచి ఆక్‌రాయిడ్ గారి చూపు కదలడం లేదు.

అది యార్క్‌షైర్‌లో బొగ్గుగని కార్మికుల క్లబ్బు. సిసిల్ ఆక్‌రాయిడ్ అక్కడ కచేరీల కార్యదర్శి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఎవరు పాడాలో, ఎప్పుడు ఆపాలో పందొమ్మిదేళ్లుగా చెప్పేది ఆయనే. వంటింట్లోంచి మాంసం కూరిన వేడి రొట్టెలు వచ్చాయంటే గంట కొట్టి, ఎంతటివాడి పాటనైనా మధ్యలో ఆపించేవాడు. ఆ గంట వింటే చర్చి ఫాదరు కూడా తుమ్ము మింగేస్తాడని ఊళ్లో ప్రతీతి.

పోయిన నెల ఆ పరువు కాస్తా గంగలో కలిసింది. లీడ్స్ నుంచి వచ్చిన ఒక గాయని తెర వెనక రికార్డు పెట్టించి ఊరికే పెదవులు కదిపింది. రికార్డు గీత దగ్గర ఇరుక్కుంది. ఒకే మాట నలభైసార్లు తిరిగింది. ఆవిడా నలభైసార్లు నోరు తెరిచింది. క్లబ్బంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

కమిటీ నవ్వలేదు. "ఈసారి దొంగపాట వస్తే జనం కంటే ముందు మీరు పట్టుకోవాలి. లేదా కుర్చీ వదలాలి" అని తీర్మానం రాసి ఆయన చేతిలో పెట్టింది.

ఇవాళ వచ్చినవాడు రోలండ్ లోరిమర్. పదేళ్ల కిందట దేశమంతా పాడుకున్న, గుండె లోతుల్లోంచి పాడే 'సోల్' బాణీ పాటలు అతనివి. రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ, ఏడుగురు వాయిద్యగాళ్లను వెంటేసుకు తిరిగేదీ అతనే. రెండేళ్లు టీవీలో వెలిగాడు. తర్వాత బృందం చీలిపోయిందని పత్రికలు రాశాయి. ఇప్పుడు మళ్లీ ఏడుగురితో చిన్న చిన్న క్లబ్బుల వెంట పడ్డాడు.

పన్నెండున్నరకు రమ్మంటే పదకొండింటికే దిగారు. ఆక్‌రాయిడ్ గారికి అనుమానం అక్కడే మొలకెత్తింది.

"వాయిద్యగాళ్లు చెప్పిన వేళకంటే ముందే రావడం నా జన్మలో చూళ్లేదు" అన్నాడు, బారు నడిపే నోరాతో.

"మీరు నవ్వడం నా జన్మలో నేనూ చూళ్లేదు. అనుమానపడ్డానా?" అంది నోరా గ్లాసులు తుడుస్తూ.

ఆయన తిన్నగా పాటగాడి దగ్గరికెళ్లాడు.

"విడిపోయారని విన్నామే?"

"అన్నదమ్ములన్నాక విడిపోరా, కలవరా సార్?" అన్నాడు లోరిమర్. అంటూనే తెర వైపు ఒకసారి చూశాడు.

"గొంతు సవరించుకోరా?"

"బండిలోనే అయిపోయిందండీ."

ఈలోగా డ్రమ్ములవాడు డ్రమ్ముల మీద దళసరి దుప్పటి పరిచాడు. ఎందుకయ్యా అంటే, "చప్పుడెక్కువైతే పెద్దవాళ్లకి ఇబ్బంది గదండీ" అన్నాడు. ముప్పయ్యేళ్లు గనిలో పేలుళ్లు విన్నవాళ్లకి ఇబ్బందట.

కచేరీ మొదలైంది.

మొదటి పాటకే క్లబ్బు కుదుటపడింది. రెండో పాటకి ముందు వరసలో ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడో పాటకి ఆ టోపీతోనే కళ్లు తుడుచుకున్నాడు. బాకాల మోత పైకి లేస్తే లోరిమర్ గొంతు దాని మీదెక్కి సవారీ చేసింది.

"ఎంత బాగా పాడుతున్నాడో వినండి" అంది నోరా.

"అదే నా బాధ. ఇంత బాగా పాడేవాడు మన క్లబ్బుకెందుకొస్తాడు?"

"మీ మొహం చూద్దామని."

ఆయన వినిపించుకోలేదు. ఆ పాట రికార్డు ఆయన ఇంట్లోనూ ఉంది. రికార్డులో ఎక్కడ ఊపిరి పీల్చాడో ఇక్కడా సరిగ్గా అక్కడే పీల్చాడు. నలభై దాటినవాడి గొంతు పదేళ్లలో వెంట్రుకంతైనా అరగలేదు. మంచినీళ్ల గ్లాసు పెట్టినచోటే ఉంది.

అప్పుడే వంటింట్లోంచి రొట్టెలొచ్చాయి.

ఆక్‌రాయిడ్ గంట కొట్టాడు. పాట మధ్యలోనే కొట్టాడు.

లోరిమర్ ఆగలేదు. ఒక చేత్తో దణ్ణం పెట్టి పాడుతూనే ఉన్నాడు. ఆక్‌రాయిడ్ మళ్లీ కొట్టాడు. బాకాలవాళ్లు బిత్తరచూపులు చూశారు గానీ ఎవరూ ఆపలేదు. పందొమ్మిదేళ్లలో ఆ గంటని లెక్కచేయనివాడు లేడు. ఆపడానికి నోరుంటే ఆపేవాడే. టేపుకి గంట ఎక్కడ వినపడుతుంది?

ఆక్‌రాయిడ్ గారు లేచారు. పక్క మెట్లెక్కి తెర వెనక్కి తొంగిచూశారు.

ఉంది. కుర్చీ మీద టేపు రికార్డరు. రెండు చక్రాలూ నింపాదిగా తిరుగుతున్నాయి.

ఆయన సంతోషం వర్ణించడం నా వల్ల కాదు. కమిటీ పెద్దలు ముందు బల్ల దగ్గరే రొట్టెలు నములుతున్నారు. ఆయన తెర బర్రున లాగేశాడు. అందరికీ టేపు రికార్డరు కనిపించింది.

"చూడండయ్యా. మీకంటే ముందు పట్టుకున్నాను" అన్నాడు.

లోరిమర్ మొహం పాలిపోయింది. వద్దని తల అడ్డంగా ఊపుతూనే పాడుతున్నాడు.

"వదిలెయ్యండి, పాటన్నా పూర్తికానివ్వండి" అని బారు దగ్గర్నుంచి కేకేసింది నోరా.

"పూర్తయితే నా కుర్చీ పోతుంది" అని, ఆక్‌రాయిడ్ టేపు రికార్డరు ప్లగ్గు పట్టి పీకేశాడు.

లోరిమర్ పాట అక్షరం జారకుండా, శ్రుతి తప్పకుండా అలాగే సాగిపోయింది. ఠక్కున ఆగిపోయింది మాత్రం, బుగ్గలు పూరించి ఊదుతూ, వేళ్లు విరిగేలా మీటుతూ, ఒళ్లూగించి వాయిస్తూ ఉన్న ఆ ఏడుగురి సంగీతం.